లైసెన్సు మారితే పాత కోడు ఏమవుతుంది? రెడిస్, టెరాఫామ్ వివాదాల వెనుక కాపీరైట్ లెక్కలు

2024 మార్చి 20న రెడిస్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. తమ సాఫ్ట్‌వేర్ 7.4 వెర్షన్ నుంచి బీఎస్‌డీ లైసెన్సు (దాదాపు ఎలాగైనా వాడుకోనిచ్చే ఉదారమైన ఓపెన్ సోర్స్ లైసెన్సు) కింద రాదని దాని సారాంశం. డేటాను మెమరీలో ఉంచి చిటికెలో అందించే రెడిస్‌ను షాపింగ్ సైట్లు, చెల్లింపుల యాప్‌లు, టికెట్ల సైట్లు అన్నీ వాడుతుంటాయి కాబట్టి చాలామందికి ఒకేసారి గుబులు పట్టుకుంది. మన సర్వర్లో నడుస్తున్నది ఇప్పుడు అక్రమమా? డబ్బు కట్టాలా? ఓపెన్ సోర్స్ అని ఒకసారి ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవచ్చా? పది రోజులు తిరక్కుండానే, మార్చి 28న, లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో వాల్కీ అనే ఫోర్కు (పాత కోడును తీసుకుని విడిగా నడిపే ప్రాజెక్టు) మొదలైంది. ఏడాది దాటాక, 2025 మేలో, రెడిస్ 8ని ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద కూడా ఇస్తున్నామంటూ కంపెనీ మళ్లీ ఓపెన్ సోర్స్ వైపు వచ్చింది.

ఇది రెడిస్ ఒక్కదాని కథ కాదు. 2018లో డేటాబేసు మాంగోడీబీ, 2021లో వెతుకులాట సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్, 2023లో సర్వర్ల ఏర్పాటును కోడుగా రాసుకునే టెరాఫామ్ ఇదే దారి పట్టాయి. ప్రతిసారీ చర్చ అంతా లైసెన్సు పేరు చుట్టూనే తిరుగుతుంది. నిజానికి లైసెన్సు పేరు కన్నా ముందు తెలుసుకోవాల్సింది ఆ కోడు మీద కాపీరైట్ ఎవరిదన్నది. మిగతా ప్రశ్నలకు జవాబు చాలావరకు అక్కడే ఉంది.

రాసిన క్షణమే పుట్టే హక్కు

కాపీరైట్ కోసం ఎక్కడా దరఖాస్తు పెట్టక్కర్లేదు. కోడు రాసి సేవ్ చేస్తే చాలు, హక్కు పుట్టినట్టే. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 2(ఓ) కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల జాబితాలో చేర్చింది. నవలకు ఉన్న రక్షణే ప్రోగ్రాముకూ ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడుకు, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, సెక్షన్ 17 ప్రకారం మొదటి హక్కుదారు యజమాని.

బయటి ఫ్రీలాన్సరుతో రాయించుకున్న కోడు సంగతి వేరు. డబ్బు చెల్లించినంత మాత్రాన హక్కు కంపెనీకి బదిలీ కాదు. సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకమైన బదిలీ పత్రం, దానిమీద హక్కుదారు సంతకం ఉండాలి. ఆ పత్రంలో గడువు రాయకపోతే బదిలీ 5 ఏళ్లకే పరిమితం. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. అమెరికా క్లయింటుకు అమ్మే ఉత్పత్తిలో ఇలాంటి కోడు ఉంటే, కంపెనీ చేతులు మారేటప్పుడు జరిగే తనిఖీలో ఇది బయటపడి ఒప్పందమే ఆగిపోవచ్చు.

కాపీరైట్ ఉన్నవాడు ఇచ్చే అనుమతి పత్రమే లైసెన్సు. అనుమతి ఇవ్వకపోతే అన్ని హక్కులూ అతనివే. కోడు పంచుకునే సైటు గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టినా, లైసెన్సు ఫైలు లేని రిపోజిటరీ (ప్రాజెక్టు కోడు భండారం) ఓపెన్ సోర్స్ కాదు. గిట్‌హబ్ నిబంధనల ప్రకారం దాన్ని అక్కడ చూడొచ్చు, అక్కడే ఫోర్కు చేసుకోవచ్చు. మన ఉత్పత్తిలో కలుపుకోవడానికి అది సరిపోదు.

ఇచ్చే అనుమతుల్లో రకాలు: ఒక ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉదాహరణ

హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తోందనుకుందాం. అందులో బయటి నుంచి తెచ్చిన లైబ్రరీ (ఇతరులు సిద్ధంగా రాసిన కోడు) ఒకటి ఉంది.

ఆ లైబ్రరీ ఎంఐటీ లేదా బీఎస్‌డీ లైసెన్సుదైతే, మూల రచయిత కాపీరైట్ నోటీసును, లైసెన్సు పాఠాన్ని ఉత్పత్తితోపాటు ఇస్తే చాలు. సొంత కోడును మూసి ఉంచుకోవచ్చు. అపాచీ 2.0 కూడా ఇంచుమించు ఇంతే. మార్చిన ఫైళ్లలో మార్చినట్టు రాయాలన్న నియమం, పేటెంట్ల గురించిన ఒక ముఖ్యమైన క్లాజు అదనం.

లైబ్రరీ జీపీఎల్ కిందిదై, దాన్ని తమ ప్రోగ్రాములో కలిపి ఆసుపత్రి కంప్యూటర్లలో ఇన్‌స్టాల్ చేస్తే లెక్క మారుతుంది. ప్రోగ్రాము ఆసుపత్రి చేతికి వెళ్లింది, అంటే పంపిణీ జరిగింది. కలిపిన మొత్తం ప్రోగ్రాము సోర్సు కోడును ఆసుపత్రికి జీపీఎల్ కింద అందుబాటులో ఉంచాలి. ప్రపంచమంతటికీ ఇవ్వాలన్న నియమం లేదు, ప్రోగ్రాము అందుకున్నవాళ్లకు ఇవ్వాలి. వాళ్లు దాన్ని ఎవరికైనా పంచితే ఆపే హక్కు మాత్రం కంపెనీకి ఉండదు.

అదే కంపెనీ ప్రోగ్రామును తన సర్వర్లోనే ఉంచి, ఆసుపత్రి సిబ్బంది బ్రౌజరులో వాడుకునేలా చేస్తే పంపిణీ జరగలేదు. జీపీఎల్ బాధ్యత ఏదీ పుట్టదు. 2007లో వచ్చిన ఏజీపీఎల్ ఈ ఖాళీని పూడ్చింది. దాని 13వ సెక్షన్ ప్రకారం, ప్రోగ్రామును మార్చి, నెట్‌వర్కు ద్వారా ఇతరులు వాడుకునేలా పెడితే, ఆ వాడుకరులకు మార్చిన సోర్సు అందించాలి. "ఏజీపీఎల్ సాఫ్ట్‌వేర్ ముట్టుకుంటే మన కోడంతా బయటపెట్టాలి" అన్న భయం చాలా ఆఫీసుల్లో ఉంది. మార్చకుండా, విడి సర్వరుగా నడుపుతూ దానితో మాట్లాడే ప్రోగ్రాముకు ఆ సెక్షన్ సాధారణంగా వర్తించదు. మార్చినప్పుడు, లేదా సొంత కోడును దానితో కలిపి ఒకే ప్రోగ్రాముగా చేసినప్పుడే అసలు ప్రశ్న మొదలవుతుంది.

మధ్యలో ఎంపీఎల్ 2.0 ఉంది. దాని షరతు ఫైలు వరకే. ఎంపీఎల్ ఫైలును మార్చి పంపిణీ చేస్తే ఆ ఫైలు ఎంపీఎల్‌లోనే ఉండాలి, పక్కన చేర్చిన సొంత ఫైళ్లు మన ఇష్టం.

లైసెన్సు మార్చే అధికారం ఎవరికి ఉంటుంది?

ఒక ప్రాజెక్టుకు వందమంది కోడు రాసి పంపారంటే, హక్కు బదిలీ చేయనంతవరకు ఆ వందమందీ తమ తమ ముక్కలకు హక్కుదారులే. మొత్తం లైసెన్సు మార్చాలంటే అందరి అనుమతీ కావాలి. దీన్ని దాటడానికి కంపెనీలు కోడు పంపేవాళ్లతో ముందే ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటాయి. సీఎల్‌ఏ అంటారు దాన్ని. "నా కోడును మీకు నచ్చిన లైసెన్సు కింద ఇచ్చుకోండి" అన్న అనుమతి చాలా సీఎల్‌ఏల్లో ఉంటుంది. చాలామంది చదవకుండానే బటన్ నొక్కేస్తారు.

టెరాఫామ్ తయారుచేసిన హ్యాషికార్ప్ 2023 ఆగస్టు 10న ఎంపీఎల్ 2.0 నుంచి బిజినెస్ సోర్స్ లైసెన్సుకు (బీయూఎస్‌ఎల్) మారగలిగిందంటే సీఎల్‌ఏ చేతిలో ఉండబట్టే. బయటివాళ్లు ఎంపీఎల్ కింద మాత్రమే ఇచ్చిన ఫైళ్లను వాళ్లను అడగకుండా అలా మార్చే వీలు లేదు. ఏజీపీఎల్ నుంచి ఎస్‌ఎస్‌పీఎల్ అనే తన సొంత లైసెన్సుకు మారిన మాంగోడీబీకీ అలాంటి ఒప్పందమే పనికొచ్చింది. రెడిస్ సంగతి భిన్నం. బీఎస్‌డీ లైసెన్సే చాలా ఉదారమైనది. నోటీసు ఉంచితే ఆ కోడును మరింత కఠినమైన లైసెన్సున్న ఉత్పత్తిలో ఎవరైనా కలుపుకోవచ్చు. రెడిస్ కంపెనీ చేసింది అదే. బయటి రచయితల అనుమతి దానికి అవసరం పడలేదు.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగమైన కెర్నల్‌కు సీఎల్‌ఏ లేదు. 2004 నుంచి ప్రతి ప్యాచ్ (పంపిన కోడు మార్పు) చివర రచయిత "సైన్డ్ ఆఫ్ బై" అన్న వరుసలో తన పేరు, ఈమెయిలు రాస్తారు. ఈ కోడు ఇచ్చే హక్కు నాకుంది, ప్రాజెక్టు లైసెన్సు కిందే ఇస్తున్నాను అన్న హామీ మాత్రమే అది. లైసెన్సు మార్చుకునే అధికారం ఎవరికీ దక్కదు. కెర్నల్‌లో వేలమంది వ్యక్తుల, కంపెనీల కాపీరైట్లు కలిసి ఉన్నాయి, కొందరు మరణించారు, కొన్ని కంపెనీలు మూతపడ్డాయి. అది జీపీఎల్ 2లోనే ఉండిపోతుంది. ఈ చిక్కుముడే కెర్నల్‌కు పెద్ద రక్షణ అని నా అభిప్రాయం.

అలాంటి ప్రాజెక్టు లైసెన్సు మార్చాలనుకుంటే ఎంత పని ఉంటుందో వీఎల్‌సీ వీడియో ప్లేయర్ చూపించింది. 2011, 2012లలో దాని కోడులో అధిక భాగాన్ని జీపీఎల్ నుంచి దానికన్నా సడలిన ఎల్‌జీపీఎల్‌కు మార్చడానికి, ఏ వరుస ఎవరు రాశారో చరిత్ర తవ్వి, రచయితలను ఒక్కొక్కరినే వెతికి పట్టుకుని అనుమతి అడగాల్సి వచ్చింది. కొన్ని మాడ్యూళ్లు పాత లైసెన్సులోనే మిగిలిపోయాయి.

పాత వెర్షన్ చేజారదు, కానీ ఒంటరవుతుంది

లైసెన్సు మార్పు రాబోయే వెర్షన్లకే వర్తిస్తుంది. అపాచీ 2.0లో అనుమతి శాశ్వతమనీ, రద్దు చేయలేనిదనీ స్పష్టంగా రాసి ఉంది. జీపీఎల్ 3 కూడా షరతులు పాటించినంతకాలం రద్దు కాదంటుంది. బీఎస్‌డీ, ఎంఐటీ పాఠాల్లో ఆ మాట లేకపోయినా, షరతులు పాటించేవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి తీసుకోలేరన్నదే పరిశ్రమ నమ్మి నడుస్తున్న పద్ధతి. రెడిస్ కంపెనీ కూడా 7.2 వరకు వచ్చినవి బీఎస్‌డీవి కావని అనలేదు. వాల్కీ రెడిస్ 7.2.4 నుంచి, ఓపెన్‌టోఫు అనే ఫోర్కు టెరాఫామ్ 1.5 వరుస నుంచి పుట్టాయి.

ఇబ్బంది మొదలయ్యేది భద్రతా లోపం బయటపడినప్పుడు. కొత్త లైసెన్సు కింద కంపెనీ రాసిన ప్యాచ్‌ను ఫోర్కు నిర్వాహకులు కాపీ చేసుకోకూడదు. లోపం ఎక్కడుందో తెలుసుకుని, సవరణ సొంతంగా రాయాలి. రెండు బృందాలూ ఒకే పాత కోడు మీద ఒకే సమస్యకు పరిష్కారం రాస్తే ఫలితాలు ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు గొడవ రాక తప్పదు.

2024 ఏప్రిల్‌లో, భద్రతా లోపం కాకపోయినా ఒక కొత్త సదుపాయం విషయంలో, ఇలాంటి గొడవే వచ్చింది. టెరాఫామ్‌లో "రిమూవ్డ్" అనే కొత్త బ్లాకు కోడును ఓపెన్‌టోఫు కాపీ కొట్టిందంటూ హ్యాషికార్ప్ నోటీసు పంపింది. ఓపెన్‌టోఫు బృందం ఆరోపణను తోసిపుచ్చి, ఫైలు పక్కన ఫైలు పెట్టి మూలాల పత్రం ఒకటి ప్రచురించింది. రెండు చోట్లా పోలికగా ఉన్న వరుసలు అంతకుముందే ఎంపీఎల్ కింద విడుదలైన "మూవ్డ్" బ్లాకు కోడు నుంచి వచ్చినవని దాని వాదన. కోడు మార్పులను నమోదు చేసే గిట్‌లో ప్రతి కమిట్‌కూ (ఒక్కో మార్పుకూ) తేదీ, రచయిత, కారణం నమోదై ఉండబట్టే ఆ పత్రం తయారుచేయగలిగారు. ఫోర్కు నడిపేవాళ్లకు గిట్ చరిత్రే సాక్ష్యం.

ఎస్‌ఎస్‌పీఎల్, బీయూఎస్‌ఎల్: సోర్సు కనిపిస్తుంది, ఓపెన్ సోర్స్ కాదు

1998లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ఏది ఓపెన్ సోర్స్ అనిపించుకుంటుందో 10 నియమాలుగా రాసింది. ఆరోది ఇక్కడ కీలకం: ఏ రంగంలో వాడకూడదో, ఏ వ్యాపారానికి వాడకూడదో లైసెన్సు చెప్పకూడదు.

మాంగోడీబీ 2018 అక్టోబరులో తెచ్చిన ఎస్‌ఎస్‌పీఎల్‌లో, ప్రోగ్రామును సేవగా ఇతరులకు అందిస్తే, ఆ సేవకు వాడే నిర్వహణ, పర్యవేక్షణ, బ్యాకప్, నిల్వ, హోస్టింగ్ సాఫ్ట్‌వేర్ల సోర్సు అంతా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. కాగితం మీద అది షరతు. ఆచరణలో ఏ క్లౌడు కంపెనీ కూడా తీర్చలేనిది కాబట్టి నిషేధంతో సమానం. మాంగోడీబీ దీన్ని ఇనిషియేటివ్ ఆమోదానికి పంపి, 2019 మార్చిలో ఉపసంహరించుకుంది.

బిజినెస్ సోర్స్ లైసెన్సు మరియాడీబీ డేటాబేసు కంపెనీ వాళ్ల సృష్టి. దీన్ని వాడే కంపెనీ కొన్ని ఖాళీలు పూరించుకోవాలి: అదనంగా ఏ వాడకానికి అనుమతి ఉంది, ఏ తేదీన ఈ లైసెన్సు ముగుస్తుంది, ఆ తర్వాత ఏ లైసెన్సు వస్తుంది. హ్యాషికార్ప్ తన ఉత్పత్తితో పోటీపడే సేవలను మినహాయించి మిగతా వాడకాన్ని అనుమతించింది. ప్రతి వెర్షన్ విడుదలైన నాలుగేళ్లకు ఎంపీఎల్ 2.0 అవుతుందని రాసింది. ఆ లెక్కన 2023 అక్టోబరులో వచ్చిన టెరాఫామ్ 1.6.0, 2027 అక్టోబరులో మళ్లీ ఓపెన్ సోర్స్ అవుతుంది. అప్పటికి దాన్ని నడిపేవాళ్లు ఎందరుంటారన్నది వేరే ప్రశ్న. "పోటీ" అంటే ఏమిటో తేల్చేది కంపెనీయే కావడం మీద అభ్యంతరాలు వచ్చాయి, కంపెనీ వివరణలు ఇవ్వాల్సి వచ్చింది.

కంపెనీల వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఇంజనీర్లకు జీతాలు ఇచ్చి, ఏళ్లతరబడి పెట్టుబడి పెట్టి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తే, పెద్ద క్లౌడు సంస్థలు దాన్ని తమ సర్వర్ల మీద సేవగా అమ్ముకుని ఆదాయం తీసుకుంటున్నాయి. ఓపెన్ సోర్స్ లైసెన్సు దాన్ని ఆపదు. మూల కంపెనీ మూతపడితే ఆ సాఫ్ట్‌వేర్ భారం ఎవరు మోస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. రెండో పక్షం వాదన కూడా బలమైనదే. రెడిస్ కోడు ఒక్క కంపెనీ రాసింది కాదు. 2009లో సాల్వటోరె శాన్‌ఫిలిప్పో మొదలుపెట్టిన ఆ ప్రాజెక్టుకు తర్వాత అమెజాన్, అలీబాబా, టెన్సెంట్ ఇంజనీర్లూ కోడు రాశారు. అందరూ అందరికీ అన్న నమ్మకంతో ఇచ్చినదాన్ని చివరికి ఒక్కరు మూసేసుకున్నారన్నది వాళ్ల బాధ. నిర్వాహక బృందంలోని కొందరు నేరుగా వాల్కీకి వెళ్లిపోయారు.

ఎలాస్టిక్‌సెర్చ్ కంపెనీ ఎలాస్టిక్ 2024 ఆగస్టులో, రెడిస్ 2025 మేలో ఏజీపీఎల్‌ను చేర్చాయి. ఏజీపీఎల్ క్లౌడు సంస్థలను ఆపదు. మార్పులు బయటపెడితే ఎవరైనా అమ్ముకోవచ్చు. అయితే అప్పటికే అమెజాన్ చేతిలో ఎలాస్టిక్‌సెర్చ్ ఫోర్కు అయిన ఓపెన్‌సెర్చ్, అందరి చేతిలో వాల్కీ ఉన్నాయి. ఆపాల్సినవాళ్లు వెళ్లిపోయాక కఠినమైన లైసెన్సు వల్ల మిగిలిన నష్టం సాధారణ వాడుకరులు దూరం కావడమే. ఏజీపీఎల్ వచ్చాక రెడిస్ తిరిగి ఓపెన్ సోర్సే, అందులో సందేహం లేదు. కానీ కోడు పంపేవాళ్లు సంతకం పెట్టే సీఎల్‌ఏ అలాగే ఉంది కాబట్టి, తర్వాతి వెర్షన్ లైసెన్సును నిర్ణయించే అధికారం ఇప్పటికీ ఒక్క చేతిలోనే ఉంది.

కోడంతా సొంతంగా రాసినా వదలని పేటెంటు

కాపీరైట్ రాసిన వరుసలను కాపాడుతుంది. పేటెంటు పద్ధతిని కాపాడుతుంది. ఒకే పద్ధతిని మనం ఎవరి కోడూ చూడకుండా కొత్తగా రాసినా పేటెంటు తగులుతుంది. గడువు 20 ఏళ్లు.

ఈ తేడా బాగా కనిపించేది వీడియోలో. ఫోన్లలో, కెమెరాల్లో ఎక్కువగా వాడే హెచ్.264 పద్ధతి మీద అనేక కంపెనీల పేటెంట్లున్నాయి. సిస్కో 2013లో ఓపెన్‌హెచ్264 అనే కోడెక్‌ను (వీడియోను కుదించి, విప్పే ప్రోగ్రామును) బీఎస్‌డీ లైసెన్సు కింద విడుదల చేసింది. సోర్సు ఎవరైనా వాడుకోవచ్చు. కానీ పేటెంటు రుసుము సిస్కో చెల్లించేది తాను కంపైల్ చేసి తన సర్వర్ల నుంచి ఇచ్చే బైనరీకి (నేరుగా నడిపే ఫైలుకు) మాత్రమే. అందుకే ఫైర్‌ఫాక్స్ ఆ ఫైలును తనతో ప్యాక్ చేయకుండా, ఇన్‌స్టాల్ అయ్యాక సిస్కో సర్వరు నుంచి దించుకుంటుంది. అదే సోర్సును మనం సొంతంగా కంపైల్ చేసి పంపిణీ చేస్తే కాపీరైట్ పరంగా సక్రమమే, పేటెంటు పరంగా రక్షణ ఉండదు.

అపాచీ 2.0 మూడో సెక్షన్ దీనికి కొంత మందు: కోడు ఇచ్చినవాళ్లు ఆ కోడుకు సంబంధించిన తమ పేటెంట్ల అనుమతి కూడా ఇస్తున్నట్టే. ఆ సాఫ్ట్‌వేర్ మా పేటెంటును ఉల్లంఘిస్తోందని ఎవరైనా కేసు వేస్తే, వాళ్లకు ఇచ్చిన పేటెంటు అనుమతి రద్దవుతుంది. ఎంఐటీ, బీఎస్‌డీల్లో పేటెంటు ప్రస్తావనే లేదు. 2017లో ఫేస్‌బుక్ తయారుచేసిన వెబ్ లైబ్రరీ రియాక్ట్ మీద రేగిన దుమారం ఇదే విషయంలో. ఫేస్‌బుక్ బీఎస్‌డీకి జతచేసిన పేటెంటు క్లాజు ప్రకారం, దేని గురించైనా సరే ఫేస్‌బుక్ మీద పేటెంటు కేసు వేస్తే రియాక్ట్ పేటెంటు అనుమతి పోతుంది. అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో ఆ కలయికను నిషేధించింది. సెప్టెంబరులో ఫేస్‌బుక్ రియాక్ట్‌ను ఎంఐటీకి మార్చింది.

మన పేటెంటు చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతులు, వ్యాపార పద్ధతులు, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాములు, అల్గారిథమ్‌లు పేటెంటుకు అర్హమైనవి కావు. "కేవలం" అన్న ఆ పరిమితి ఎంతవరకు అన్నదే వివాదం. దాన్ని సడలించే 2004 ఆర్డినెన్సులోని మార్పును 2005లో పార్లమెంటు స్వీకరించలేదు. 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, సాంకేతిక ఫలితం చూపగలిగితే ప్రోగ్రాముతో కూడిన ఆవిష్కరణను తోసిపుచ్చకూడదంది. పేటెంటు దేశానికో తీరు కాబట్టి, ఇక్కడ రాసిన సాఫ్ట్‌వేర్‌ను అమెరికాలో అమ్మితే అక్కడి పేటెంట్లు వర్తిస్తాయి.

కోడు ఇచ్చారు, పేరు ఇవ్వలేదు

ఓపెన్ సోర్స్ లైసెన్సులు ట్రేడ్‌మార్కును ఇవ్వవు. వాల్కీకి, ఓపెన్‌టోఫుకు కొత్త పేర్లు అందుకే. "అమెజాన్ ఎలాస్టిక్‌సెర్చ్ సర్వీస్" అన్న పేరు మీద ఎలాస్టిక్ 2019లో కేసు వేసింది. 2021లో ఆ సేవ పేరు ఓపెన్‌సెర్చ్ అయింది, 2022లో కేసు రాజీతో ముగిసింది. తెలుగు ఫాంట్లు వాడేవాళ్లకూ ఇది పనికొచ్చే సంగతి. మండలి, రామభద్ర లాంటివి ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద దొరుకుతాయి. ఆ లైసెన్సులో రచయిత ఒక పేరును ప్రత్యేకించుకుని ఉంటే, ఒక్క ఒత్తు ఆకారం సవరించి పంచినా పేరు మార్చాలి. సవరించిన ఫాంటు అదే లైసెన్సులో ఉండాలి, ఫాంటును విడిగా అమ్మకూడదు.

నాలుగు సందర్భాలు, నాలుగు జవాబులు

సొంత యాప్ కోసం రెడిస్ 7.2 నడిపే సంస్థకు లైసెన్సు పరంగా ఏమీ మారలేదు, బీఎస్‌డీ బీఎస్‌డీగానే ఉంది. 7.4కు మారి సొంత యాప్‌కే వాడుకుంటే, రెడిస్ ఇచ్చిన రెండు లైసెన్సుల్లో (దాని సొంత లైసెన్సు ఆర్‌ఎస్‌ఏఎల్, ఎస్‌ఎస్‌పీఎల్) ఆర్‌ఎస్‌ఏఎల్‌ను ఎంచుకోవచ్చు. సేవగా ఇతరులకు అమ్మనంతవరకు చిక్కు లేదు. క్లయింట్లకు రెడిస్‌ను నెలవారీ సేవగా అమ్మే హోస్టింగ్ కంపెనీకి 7.4తో ఆ దారి మూసుకుపోయింది. రెడిస్ కంపెనీతో ఒప్పందమో, వాల్కీయో, లేదంటే రెడిస్ 8ని ఏజీపీఎల్ కింద తీసుకుని తన మార్పులను వాడుకరులకు ఇవ్వడమో చేయాలి. ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీలకు (సిద్ధంగా కూర్చి ఇచ్చే లినక్స్ వ్యవస్థలకు) ఓపెన్ సోర్స్ కానిదాన్ని ప్రధాన భాండాగారంలో ఉంచే వీలులేదు. ఫెడోరా 41లో రెడిస్ స్థానంలో వాల్కీ వచ్చింది అందుకే.

లైసెన్సు పత్రంలో కనిపించని గడువు ఒకటుంది, అది డేటా ఫైలులో ఉంది. రెడిస్ 7.2 డిస్కు మీద రాసే ఆర్‌డీబీ ఫైలు ఫార్మాటు సంఖ్య 11. వాల్కీ దాన్ని యథాతథంగా చదువుతుంది కాబట్టి, సర్వరు ఆపి, బైనరీ మార్చి, అదే ఫైలుతో మొదలుపెడితే సరిపోతుంది. రెడిస్ 7.4 ఆ సంఖ్యను 12కు పెంచింది, ఆ ఫైళ్లను వాల్కీ మామూలుగా తెరవదు. ఒకసారి 7.4కు మారితే కీలను (డేటా నమోదులను) ఒక్కొక్కటిగా చదివి కొత్త సర్వరులోకి రాసే ప్రోగ్రాము కావాలి. ఆ సమయంలో వచ్చే కొత్త రాతలను రెండు చోట్లకూ పంపే ఏర్పాటు కూడా ఉండాలి.